దంపతుల దివి విహారము అను ఏకాశ్వాస ప్రబంధము

ప్రబంధానికి పద్ధెనిమిది వర్ణనలు ఉండి తీరాలని లాక్షణికులు శాసించారు. నగరం, సముద్రం, పర్వతం, ఋతువు, చంద్రోదయం, జలక్రీడ, విరహం, యుద్ధం, ఇలా సాగి సాగి నాయకాభ్యుదయంతో ముగియాలి. మాఘమాసంలో మా ఆవిడా నేనూ చేసిన గుడివాడ, బందరు, దివిసీమల యాత్రలో వీటిలో చాలావరకు సమకూడాయి. ఒకటి రెండు వర్ణనలకు వయసు రీత్యా మినహాయింపు తీసుకున్నాం. నాయకుణ్ణీ కవినీ నేనే కాబట్టి నాయకుడి పొట్ట ప్రస్తావన ఈ కావ్యంలో ఎక్కడా రాదు.

కృతిభర్త అంటే ఖర్చు భరించినవాడు. ఆ లెక్కన ఈ కృతి మా ఆవిడకే చెందాలి. పూర్వం రాజులు కవులకు అగ్రహారాలిచ్చారు. నాకు రైల్లో కిటికీ పక్క సీటు దక్కింది, అదీ గుడివాడ దాకానే.

ఇక కుకవినింద. ఈ కాలపు కుకవులు టూర్ ప్యాకేజీల కరపత్రాలు రాసుకు బతుకుతున్నారు. బాలి మీద అలాంటిదొకటి మా ఇంటికి వచ్చింది. పచ్చని దీవులు, మడ అడవుల్లో పడవ షికారు, అరుదైన వన్యప్రాణులు, అప్పుడే పట్టిన చేపల భోజనం, పురాతన ఆలయాలు. మా ఆవిడ కళ్ళజోడు సవరించుకుని మొత్తం చదివి, "ఏవండీ, ఇవన్నీ మా గుడివాడ నుంచి బస్సు దూరంలోనే ఉన్నయ్ కదా, పాస్‌పోర్టెందుకు?" అంది. ఉష్ణమండల దేశం చూడాలని నా కోరిక అన్నాను. మనం పుట్టిందీ పెరిగిందీ కర్కాటక రేఖకు కిందేనని గుర్తు చేసింది. శాస్త్రంలో మంత్రాలోచన వర్ణన అనేది ఒకటుంది. మా ఇంట్లో అది అంతటితో ముగిసింది.

హైదరాబాదు నుంచి బందరు పోవడానికి దారి వెతుక్కోనక్కర లేదు. పుణె దగ్గర బయల్దేరే 65వ నంబరు జాతీయ రహదారి మన ఊరి మీదుగా వచ్చి సూటిగా బందరులోనే ఆగుతుంది. అయినా నాయిక రైలే కావాలంది. కారణం గుడివాడ జంక్షను. భీమవరం పట్టాలూ బందరు పట్టాలూ అక్కడ విడిపోతాయి, ఆ చీలిక దగ్గర ఆమె పుట్టిల్లు ఉంది. అక్కినేని నాగేశ్వరరావు పుట్టిన రామాపురం, ఎన్.టి. రామారావు పుట్టిన నిమ్మకూరు ఆ చుట్టుపక్కలవే. అంతటి నాయకులను కన్న నేల మీద నాయకుడి హోదాలో కాలు మోపాను. స్టేషన్లో ఎవరూ గుర్తుపట్టలేదు. "బావగారు ఒళ్ళు చేశారే" అని మా బావమరిది ఒక్కడే గుర్తుపట్టాడు. ఆ వాక్యం ప్రక్షిప్తం.

పర్వత వర్ణన దగ్గర పెద్ద చిక్కు వచ్చింది. ఈ డెల్టాలో కొండ లేదు. కనుచూపు మేర వరికోత అయిన చేలల్లో మినుము, మధ్యలో కాలువగట్లు, గట్టు మీద తాటిచెట్లు. అవి కాక ఎత్తయినది ఏదన్నా ఉంటే అది గడ్డివామే. లాక్షణికులకు ఏం సమాధానం చెప్పాలా అని బందరు దాకా బెంగపడ్డాను. ఆ ఊళ్ళో ఒక మిఠాయి కొట్టు అద్దాల వెనక నా మేరువు కనిపించింది. అది తొక్కుడు లడ్డూల గుట్ట. పాదభాగం విశాలం, శిఖరం ఏకాంతం, సానువుల్లో జీడిపప్పు శిలలు, చరియల మీద నేతి సెలయేళ్ళు.

దాని పుట్టుక క్షీరసాగర మథనానికి తీసిపోదు. శనగపిండిని ముందు పూసగా వేయిస్తారు. నిక్షేపంలాంటి ఆ పూసను దంచి పొడి చేస్తారు. దానికి బెల్లం పాకం పడుతుంది. అంతటితో వదలరు, మళ్ళీ రోకళ్ళు లేస్తాయి. మందరగిరి అడ్డంగా తిరిగింది గానీ ఈ రోకలి నిలువునా దిగుతుంది. మధ్యమధ్య నెయ్యి, ఏలకులు. ఒక్క పలుకు కూడా నాలుకకు తగలనంత మెత్తన అయ్యేదాకా దంపుడు ఆగదు. దేవతలకు ఇంత ఓపిక లేదు. వాళ్ళు అమృతం పైకి రాగానే పంపకానికి దిగారు. ఈ లడ్డూకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే బందరు లడ్డూ అని పేరు పెట్టుకోవాలంటే బందరులో పుట్టాలి. మా ఆవిడ ఒకటి విరిచి సగం నాకిచ్చింది. డాక్టరు మాట గుర్తుచేసి అందులోనూ సగం తీసుకుంది. రాహువుకు కంఠం దాకా అన్నా దిగింది.

నగర వర్ణనకు బందరులో సామగ్రికి లోటు లేదు. ఎటొచ్చీ అంతా భూతకాలంలో ఉంది. ఇక్కడి అద్దకం బట్టల కోసం డచ్చివాళ్ళొచ్చారు, 1611లో ఇంగ్లీషువాళ్ళొచ్చి కొట్టు పెట్టారు, తర్వాత ఫ్రెంచివాళ్ళు, వాళ్ళ నుంచి 1759లో మళ్ళీ ఇంగ్లీషువాళ్ళు. భూమికి అవతలి వైపు నుంచి నెలల తరబడి ఓడల్లో వాంతులు చేసుకుంటూ జనం చేరిన ఊరు ఇది, మనమేమో బాలి కరపత్రం చదువుకుంటున్నాం. మంగినపూడి తీరంలో అలలకు ఎదురెళ్ళాను. కాలికింద ఇసుక కాదు, నల్లటి మట్టి. జలక్రీడ మోకాలి దాకా జరిగింది. అంతకు పై వర్ణన కవి కల్పన.

దివిసీమ ప్రవేశం పులిగడ్డ మీదుగా. అక్కడి అక్విడక్టును చూసి ఆగిపోయాను. కింద కృష్ణ పాయ సముద్రానికి పోతోంది, పైన కాలువ దాన్ని అడ్డంగా దాటి దివి పొలాలకు పోతోంది. నది మీద నీళ్ళు నడిచి వెళ్ళడం ఏ పురాణంలోనూ లేదు, ఇంజనీర్లు చేసి పెట్టారు. శ్రీకాకుళం ఈ చుట్టుపక్కలదే. కళింగ దండయాత్రకు పోతూ కృష్ణదేవరాయలు ఆ ఊళ్ళో ఆగితే ఆంధ్ర మహావిష్ణువు కలలో కనబడి తెలుగులో కావ్యం రాయమన్నాడు, ఆముక్తమాల్యద పుట్టింది. ఈ గాలిలో ఏదో ఉంది. నాకు కల రాలేదు గానీ మధ్యాహ్నం మెస్సులో ఆవేశం వచ్చింది.

ఆ మెస్సు అవనిగడ్డలో. ముందు పండుగప్ప పులుసు దిగింది. ఈ చేప చరిత్ర తెలిసినవాళ్ళు ముల్లు తీసే ముందు ఒకసారి ఆగుతారు. ఇది మగగా బతుకు మొదలుపెట్టి, కొన్నేళ్ళకు పెరిగి పెద్దదై ఆడదవుతుంది. ఇల మహారాజుకు ఆ మార్పు రావడానికి ఒక శాపమూ, ఒక వనమూ, బోలెడు కథా కావలసి వచ్చాయి. పండుగప్పకు వయసు చాలు. తెల్లటి మెత్తటి పొరలు, పొరల సందుల్లో చింతపండు పులుపు, పైన వెల్లుల్లి ఘాటు. పెద్ద చేప కాబట్టి, ఇది ఆడదే అయ్యుంటుందని మా ఆవిడ తేల్చింది. గర్వంగానే తేల్చింది.

తర్వాత యుద్ధం. ప్రతినాయకుడు మండపీత, మడ బురదలో పుట్టి పెరిగిన యోధుడు. పది కాళ్ళు, అందులో ముందు రెండూ గదలు. సహజ కవచం. ఇంద్రుడు అడిగితే కర్ణుడు ఒలిచి ఇచ్చాడు గానీ మండపీత ఎవరికీ ఇవ్వదు, ఇగురైనా ఇవ్వదు. నేను తెల్లచొక్కాతో రంగంలోకి దిగి పెద్ద డెక్కను పంటికిందకు తెచ్చుకున్నాను. అది లొంగలేదు సరికదా, లోపలి రసాన్ని అస్త్రంలా సంధించి సరిగ్గా జేబు మీద కొట్టింది. మెస్సు యజమాని జాలిపడి లోపలి నుంచి పొత్రం తెచ్చి పెట్టాడు. అంతలో మా ఆవిడ కొంగు నడుముకు బిగించింది. నరకాసురుడి ముందు శ్రీకృష్ణుడు సొమ్మసిల్లితే సత్యభామ విల్లందుకున్న ఘట్టం తెలిసిందే కదా, ఆ సత్యభామకు జడ వేసి నడకలు నేర్పిన కూచిపూడి ఇక్కడికి ఎంతో దూరం లేదు. ముందు చిన్నకాళ్ళు విరిచి పక్కన పెట్టింది, డొప్ప లేపింది, మధ్యకు రెండుగా చీల్చింది, చివరగా డెక్కల మీద పొత్రంతో ఒక్కొక్క దెబ్బ వేసింది. రెండు దెబ్బలు ఎక్కడా వేయలేదు. కండ చీలకుండా బయటకొచ్చింది. కళింగ జైత్రయాత్రలో ఎన్ని కోటలు పడ్డాయో గానీ, నేను చూసిన ముట్టడుల్లో ఇంత శుభ్రమైనది లేదు.

అవనిగడ్డకు వచ్చే దారిలోనే మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుణ్ణి చూసుకున్నాం. 2018 వానాకాలంలో దివిసీమలో పాముకాట్లు పెరిగితే ఆ గుడిలో సర్పశాంతి హోమం చేయించారు. జనమేజయుడు పాముల్ని అగ్నిలో వేయించాడు, మోపిదేవిలో వాటిని శాంతించమని మాత్రమే అడిగారు. నాకు ఈ పద్ధతే నచ్చింది, ఆసుపత్రిలో మందు కూడా ఉంచుకున్నంత కాలం.

హంసలదీవిలో మాఘ పౌర్ణమి తిరునాళ్ళ జనం ముందురోజే వెళ్ళిపోయారు. పాపుల స్నానాలతో నల్లబడిన గంగ కాకి రూపంలో తీర్థాలన్నీ తిరిగి, కృష్ణ సముద్రంలో కలిసే ఈ చోట మునిగి హంస అయిందని స్థలపురాణం. నేనూ మునిగాను. ఎలా వెళ్ళానో అలాగే వచ్చానని సాక్షి వాంగ్మూలం.

కుమారోదయ వర్ణనకు మా అబ్బాయి అమెరికాలో ఉన్నాడే అనుకుంటుంటే తీరం ఆదుకుంది. చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ ఇసుకలోకి వచ్చి గుడ్లు పెడతాయి, ఒక్కో కాన్పుకు నూరు, ఆ పైన. గాంధారికి నూరుగురి కోసం వ్యాసుడూ, నేతికుండలూ కావలసి వచ్చాయి. ఈ తల్లి వెనక రెక్కలతో కుండంత గుంత తానే తవ్వి, పెట్టి, పూడ్చి, ఇసుక సర్ది, వెనక్కి చూడకుండా సముద్రంలోకి పోతుంది. ఆ తర్వాత దాదిపని అటవీశాఖది. నక్కలకూ కుక్కలకూ చిక్కకుండా గుడ్లను దడి కట్టిన చోటికి మార్చి మళ్ళీ పాతిపెడతారు. గుంతకో కర్ర, కర్రకో చీటీ, చీటీ మీద తేదీ, గుడ్ల లెక్క. ఇసుక వేడెక్కితే ఆడపిల్లలు ఎక్కువ, చల్లగా ఉంటే మగపిల్లలు. నూరుగురికీ ఒక్కటే దుస్సల అన్న కౌరవుల లెక్క ఇక్కడ చెల్లదు.

ఈ తీరం గురించి రాస్తూ ఒకచోట ప్రబంధాన్ని పక్కన పెట్టాలి. 1977 నవంబరు 19న ఇక్కడికే ఉప్పెన వచ్చింది. సొర్లగొంది, హంసలదీవి, పాలకాయతిప్ప. వేలమంది పోయారు. దివిసీమలో పెద్దవాళ్ళు ఇప్పటికీ వయసులు, పెళ్ళిళ్ళు ఉప్పెనకు ముందు, ఉప్పెన తర్వాత అని చెబుతారు. ఆ సముద్రం మీద అతిశయోక్తి నా చేత కాలేదు. అర్ణవ వర్ణన ఇంతే.

చంద్రోదయాన్ని కోడూరు రోడ్డు మీద ఆటోలోంచి చూశాం. రెండు పక్కలా రొయ్యల చెరువులు. చెరువుకో చంద్రుడు లేచాడు. లేచీ లేవకముందే ఏరియేటర్లు తిరగడం మొదలుపెట్టి ఒక్కొక్కణ్ణి వెయ్యి ముక్కలు చేశాయి. చుక్కల కోసం ఆకాశం చూడనవసరం లేకపోయింది. మా ఆవిడ "రొయ్య కిలో ఎంతుందో" అంది.

మర్నాడు నాగాయలంక శ్రీరామపాదక్షేత్రం రేవులో పడవ ఎక్కాం. 1989లో అభయారణ్యంగా ప్రకటించిన మడ అడవులు ఆ పాయల వెంట ఉన్నాయి. పడవ నడిపే కుర్రాడు మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, "అమ్మగారు ముందు, బాబుగారు ఎనక. మధ్యలో లేవమాకండి" అన్నాడు. బరువు లెక్క వేశాడని అర్థమైంది. ఆ విధంగా విప్రలంభం సంభవించింది. ఆమె ముక్కున, నేను తోకన, నడుమ ఇంజను ఘోష. విరహాన్ని పదాలుగా కట్టిన క్షేత్రయ్యది మొవ్వ, ఈ జిల్లానే. ఆయన నాయికలకు ఇంజను చప్పుడు లేదు. తేగల సంచీ ఆమె దగ్గర ఉండిపోయింది. రాయబారానికి హంస దొరకలేదు, కొమ్మ మీద లకుముకి పిట్టను అడగబోతే దాని నోట్లో చేప ఉంది.

నీళ్ళు తీశాక బయటపడ్డ బురద మీద మడచెట్ల శ్వాసవేర్లు నిలువునా పొడుచుకుని ఉన్నాయి, భీష్ముడు లేచి వెళ్ళిపోయిన అంపశయ్యలా. గట్టున తిల్లచెట్టు, దాని పాలు కంట్లో పడితే చూపు పోతుందంటారు. బురదలో ఒక చేప నడుస్తోంది. రెక్కల మీద లేచి, కళ్ళు నెత్తిమీద పెట్టుకుని, తడి ఉన్నంతసేపు చర్మంతో కూడా గాలి పీలుస్తూ. మత్స్యావతారం పూర్తికాక, కూర్మావతారం మొదలుకాక, మధ్యలో స్వామి కాసేపు ఆగి చూసుకున్న రూపం అదే అయ్యుండాలి. మగది వీపు మీది రెక్క విప్పి ఎగిరి పడింది, మళ్ళీ ఎగిరింది. పక్కన ఆడది మట్టి తింటోంది. దాంపత్య వర్ణన అది చాలు.

బురదంతా చిన్నపీతలు. మగవాటికి ఒక డెక్క మామూలుది, రెండోది గద. ఒక్కోసారి ఒంటి బరువులో సగం దాకా ఉంటుందట. ఆ గదను పైకెత్తి, దించి, మళ్ళీ ఎత్తి, ఆడవాటిని పిలవడమే దానితో పని, అడ్డొచ్చిన మగవాణ్ణి నెట్టడం ఒకటి. తిండికి మాత్రం పనికిరాదు. రెండో చేత్తోనే బురద తీసి నోట్లో పెట్టుకోవాలి. ఆడపీత రెండు చేతులా తింటుంది. భీముడు గద ధరించినా భోజనం దగ్గర కుడిచెయ్యి ఖాళీగా ఉంచుకున్నాడు, అది వ్యాసుడి దయ.

కుర్రాడు ఒడ్డున ఒక అడుగుగుర్తు చూపించి నీటిపిల్లి అన్నాడు. ఈ మడల్లో రాత్రిళ్ళు చేపలు పట్టే పిల్లి, ఫిషింగ్ క్యాట్. మా ఆవిడ కుక్కది అంది, గోళ్ళు పడ్డాయి కాబట్టి. మామూలు పిల్లి గోళ్ళు దాచుకుంటుంది, నిజమే. కానీ నీటిపిల్లికి గోళ్ళు పూర్తిగా లోపలికి పోవు. వ్యాజ్యం ఎటూ తేలలేదు. దగ్గరగా చూసి తీర్పు చెబుదామని నేను పడవ దిగాను.

నాయకాభ్యుదయం అంటే నాయకుడు పైకి రావడం. ఆ వర్ణనకు ముందు నాయకుడు మోకాళ్ళ దాకా కిందికి పోయాడు. కుర్రాడు ఒక చెయ్యి, ఆమె ఒక చెయ్యి పట్టి లాగితే చప్పుడుతో సహా అభ్యుదయం జరిగింది. ఎడమకాలి చెప్పు మాత్రం దివిసీమలో ఉండిపోయింది. మేం పడవలో సర్దుకునేలోగా గదాధరుడైన ఒక పీత కన్నంలోంచి వచ్చి, చెప్పు చుట్టూ ఒకసారి తిరిగి, పైకెక్కి గద ఎత్తింది. పాదుకా పట్టాభిషేకం అన్నాను.

"రెండోది కూడా ఇచ్చెయ్యండి, భరతుడికి జత ఇచ్చారు" అంది మా ఆవిడ, తేగల సంచీ నా వైపు విసురుతూ.