ఐస్‌క్రీం బండి పాట కాదురా అది!

మా రోజుల్లో ఒక పాట చెవినపడితే ఎవరు కట్టారు, ఎప్పటిది అని ఆరా తీసేవాళ్లం. ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్న మా మనవడికి 'గ్రీన్‌స్లీవ్స్' అంటే వీధిలో ఐస్‌క్రీం బండి మోగించే గంటల పాట, అంతే. పైగా వాట్సాప్‌లో నాకో కథ పంపించాడు: ఎనిమిదో హెన్రీ రాజు ఆన్ బొలీన్ మీద మనసుపడి రాశాడట!

రాజుగారు 1547లోనే పోయారురా అబ్బాయ్! పాట లండన్ ముద్రాపకుల రిజిస్టరుకెక్కింది 1580లో, రిచర్డ్ జోన్స్ పేరు మీద. దాని బాణీకి ఆధారమైన ఇటలీ వరస ఇంగ్లండు చేరింది కూడా రాజు కాలం చేశాకేనని సంగీతం తెలిసినవాళ్లు చెబుతారు. ఇదంతా ఫోనులో విప్పి చెబితే, "ఎవరు రాస్తే ఏం తాతయ్యా, బాగుందిగా" అన్నాడు.

పోనీ మాటలైనా చదివాడా అంటే అదీ లేదు. 1584 నాటి 'ఎ హ్యాండ్‌ఫుల్ ఆఫ్ ప్లెజెంట్ డిలైట్స్' పుస్తకంలో ఉన్నాయి. కాదని పోయిన పిల్ల కోసం ఏడుపే గానీ, ఏడుపు నిండా లెక్కలే: తలకు రుమాళ్లు, పట్టు లోదుస్తులు, బంగారు నడికట్టు, ఎర్ర మేజోళ్లు, పాలలాంటి తెల్ల చెప్పులు, ఎక్కడానికి గుర్రం, వెంట నడవడానికి పచ్చబట్టల నౌకర్లు. సంబంధం చెడ్డాక పెట్టుపోతల చిట్టా విప్పే పెళ్లివారే గుర్తొస్తారు. నాకైతే ఆ చిట్టా కోసమే ఈ పాటంటే ఇష్టం.

ఆనాటి జనం నోళ్లలో ఈ బాణీ ఎంత నానిందో షేక్‌స్పియర్‌ని అడగాలి. 'మెర్రీ వైవ్స్ ఆఫ్ విండ్సర్' నాటకంలో ఫాల్‌స్టాఫ్ అనే పాత్ర మాటకీ బుద్ధికీ పొంతన లేదని చెప్పడానికి, బైబిల్లోని నూరో కీర్తనకూ గ్రీన్‌స్లీవ్స్ బాణీకీ ఉన్నంత పొంతన అంటుంది ఒకావిడ. భక్తికి పనికిరాని చిలిపి వరస అని అందరికీ తెలుసన్నమాట.

చిందులకూ అదే బాణీ. మోరిస్ అనే ఇంగ్లీషు జానపద నాట్యంలో పొగ తాగే పొడుగాటి మట్టి గొట్టాలు రెండు నేలమీద అడ్డంగా, ఒకదానిమీద ఒకటి పెట్టి, మధ్య ఖాళీల్లో పాదం మోపుతూ ఒక్కడే గంతులేస్తాడు. గొట్టం విరిగిందా, పరువు పోయినట్టే. ఇప్పటి కుర్రాళ్లకు నడిచేటప్పుడు కాలికింద ఏముందో కూడా పట్టదు, తల ఫోనులో ఉంటుంది.

షేక్‌స్పియర్ వెక్కిరించిన ఆ వరసే చివరికి క్రిస్మస్ గీతానికి అమరింది. 'వాట్ చైల్డ్ ఈజ్ దిస్' మాటలు 1865లో రాసిన విలియం డిక్స్ బీమా కంపెనీ మేనేజరు. దాంతో నాకేం తగువు లేదు. మన ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లీషు రాజగీతం బాణీకి సంస్కృతం కట్టలేదూ? నా గొడవల్లా ఒక్కటే. రాజు రాశాడని ఫార్వర్డ్ నొక్కేముందు, ఆ 1584 నాటి పాట ఒక్కసారి చదవండి నాయనా.