గోడ అవతలి వారి అర్జీ: ఆమోదిత పత్రం ‘ఇ’ వారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఇంగ్లండు దేశపు ఆమోదిత పత్రం ‘ఇ’ వారి దివ్యసముఖానికి, ఆ దేశంలో కొత్తగా కట్టిన ఫ్లాట్లలోనూ, పాత ఇళ్లను విడదీసి చేసిన వాటాలలోనూ కాపురముంటున్న అర్జీదారులు సవినయంగా విన్నవించుకునేది.

ఏలినవారి వైభవం ఎరగని తెలుగు పాఠకుల కోసం ముందుగా కొంత వివరం అవసరం. ఇంగ్లండులో ఇల్లు కట్టేవారు పాటించవలసిన భవన నిబంధనలు ఒక్కో అంశానికి ఒక్కో అక్షరం చొప్పున విభాగాలుగా ఉంటాయి. కట్టడపు బలం ‘ఏ’ కింద, అగ్నిప్రమాద రక్షణ ‘బి’ కింద వస్తే, ఒక ఇంటి చప్పుడు పక్కింటికి పోకుండా చూసే బాధ్యత ‘ఇ’ వంతుకు వచ్చింది. ఆ నిబంధనను ఏయే విధాలుగా నెరవేర్చవచ్చో చెబుతూ ప్రభుత్వం ప్రచురించే మార్గదర్శక గ్రంథాన్నే ఆమోదిత పత్రం అంటారు. ఏలినవారు మనిషి కారు, కాగితం. ఆ కాగితమైనా నేరుగా శాసనం కాదు. అయినా అందులో అచ్చయిన అంకెను కాదని ఇల్లు పూర్తిచేసే సాహసం ఏ బిల్డరూ చేయడు గనుక ఆచరణలో చెల్లేది ఏలినవారి మాటే. 2003 జులై 1న అమల్లోకి వచ్చిన రూపంలో ఏలినవారు నిజంగానే ఒక గొప్ప పని చేశారు. గోడ మందమెంత, ఇటుక బరువెంత అని నక్షాలో చూసుకుని తృప్తిపడే అలవాటును కాదని, కట్టిన గోడను కట్టినచోటే, ఇంట్లోకి మనుషులు దిగకముందే, పరికరాలతో కొలవాలన్నారు. అర్జీదారుల మొదటి నమస్కారం దీనికే.

చప్పుడు పొరుగింటికి రెండు దారుల్లో చేరుతుంది. మాటలు, పాటలు, టీవీ వంటివి ముందు గదిలోని గాలిని కదిలిస్తాయి, ఆ గాలి గోడను కదిలిస్తుంది, గోడ అవతలి గాలిని కదిలిస్తుంది. దీన్ని వాయుధ్వని అనవచ్చు. నడక, పరుగు, కుర్చీ లాగడం, రోట్లో దంచడం వంటివి కట్టడాన్నే నేరుగా కొడతాయి, అది ఘాతధ్వని. మొదటిదాన్ని కొలవడానికి ఖాళీ గదిలో లౌడ్‌స్పీకరు పెట్టి, హెచ్చు శ్రుతులూ తగ్గు శ్రుతులూ అన్నీ కలిసిన హోరు పుట్టించి, ఆ గదిలో అది ఎంత ఉందో, గోడ అవతల ఎంత మిగిలిందో మీటరుతో చూస్తారు. రెండోదానికి టాపింగ్ మెషీన్ అనే యంత్రాన్ని పై అంతస్తు నేల మీద పెడతారు. అందులో వరసగా అమర్చిన అయిదు సుత్తులు, ఒక్కొక్కటి అర కిలో బరువుతో, 40 మిల్లీమీటర్ల ఎత్తునుంచి సెకనుకు పది దెబ్బల చొప్పున టకటకమని పడుతుంటే కింది గదిలో వినిపించే మోతను కొలుస్తారు. సామాను లేని గదిలో ధ్వని గోడల మధ్య ఎక్కువసేపు తిరుగాడుతుంది గనుక, అది అణగడానికి పట్టే కాలాన్ని కూడా కొలిచి, మామూలుగా సామానున్న గదికి తగిన అర సెకనుకు లెక్కను సరిచేస్తారు. ఆ కాస్సేపూ సైటులో డ్రిల్లింగు, సుత్తిపోట్లు అన్నీ ఆగిపోవాలి. ఇంటి పని మొదలైన నాటినుంచి అక్కడ నిశ్శబ్దం పాటించే సందర్భం బహుశా అదొక్కటే.

ఇన్ని కొలతలూ చివరకు ఒక్క అంకెగా మారతాయి. వాయుధ్వని విషయంలో ఆ అంకె పేరు ‘డీఎన్‌టీ,డబ్ల్యూ ప్లస్ సీటీఆర్’. బీజాక్షరాల వంటి ఈ పేరులోని చివరి ముక్క, తేలికపాటి గోడలు లోతైన శ్రుతులను సరిగా ఆపలేవు గనుక ఆ లోపాన్ని లెక్కలోకి తెచ్చే సవరణ. కొత్త ఇళ్లకు ఈ అంకె కనీసం 45 డెసిబెల్లు ఉండాలి; వేరే పనికి కట్టిన భవనాన్నో పాత ఇంటినో మార్చి చేసిన వాటాలకు 43 ఉన్నా చాలు. ఘాతధ్వని లెక్క తలకిందులు: అక్కడ కొలిచేది ఎంత ఆగిందని కాదు, ఎంత వినిపించిందని, కాబట్టి కొత్త ఇళ్లలో 62 దాటకూడదు, మార్చిన వాటిలో 64 దాటకూడదు. ఒకచోట ఎక్కువ మేలు, మరొకచోట తక్కువ మేలు కావడంతో, 62 వచ్చిందని సంబరపడే కొనుగోలుదారుకు అది అంచుమీద గట్టెక్కిన మార్కు అని చెప్పేవారుండరు. మార్చిన ఇళ్లకు ఇచ్చిన ఆ రెండు డెసిబెల్ల మన్నింపు మీద మాత్రం అర్జీదారులకు పెద్ద పేచీ లేదు. పది డెసిబెల్లు తగ్గితే చెవికి చప్పుడు దాదాపు సగమైనట్టు తోస్తుంది. రెండు డెసిబెల్ల తేడాను పట్టుకోవడం చెవికి కష్టమే.

పేచీ వేరేచోట ఉంది. ఈ కొలత 100 హెర్ట్జ్‌ల నుంచి, అంటే సెకనుకు వంద కంపనాల శ్రుతి నుంచి మొదలై 3150 దాకా పోతుంది. విక్టోరియా కాలపు ఇళ్లలో కొయ్య దూలాల మీద పలకలు పరిచిన నేల ఉంటుంది. దాని మీద పసివాడు మంచం మీంచి దూకితే కింది ఇంటి కప్పు ‘ధబ్’మనే శబ్దంలో ఎక్కువ శక్తి ఆ వంద కంటే కిందనే ఉంటుంది. ఏలినవారి చెవి మొదలయ్యే చోటికి ఆ ధబ్ధబ్ వచ్చి వెళ్లిపోయి ఉంటుంది. అరకిలో సుత్తుల టకటకకు పాసైన నేల పాతిక కిలోల పిల్లవాడి పరుగుకు ఎందుకు ఫెయిలవుతుందో అర్థంకాక, పై వాటా తల్లీ కింది వాటా ముసలాయనా ఒకరినొకరు అనుమానించుకుంటూ బతుకుతారు. తప్పు ఇద్దరిదీ కాదు.

పరీక్ష వృథా అని ఎవరైనా అంటే అర్జీదారులు ఒప్పుకోరు. నక్షాలో నిర్దోషంగా ఉన్న గోడ సైటులో ఎలా చెడుతుందో పరీక్షే బయటపెడుతుంది. ఇటుకల మధ్య నిలువు సందుల్లో సిమెంటు నిండకపోవడం, ఒకే గోడకు ఇటూ అటూ ఎదురెదురుగా కరెంటు సాకెట్ల కోసం గుంతలు తవ్వడం చిన్న లోపాలుగానే కనిపిస్తాయి. చెక్క నేల కింద చప్పుడు మింగడానికి పరిచిన మెత్తటి పొరను ఒక పొడవాటి మేకు చీల్చుకుని దూలంలోకి దిగిందంటే మాత్రం, ఆ పొరకు పెట్టిన ఖర్చుకు అర్థం లేకుండా పోతుంది. ఇవి కాక పార్శ్వ ప్రసరణ అనేది ఒకటుంది: ధ్వని అడ్డుగోడను దాటలేకపోతే పక్కన ఉన్న బయటిగోడ వెంట, ఆఫీసు భవనమైతే అంతస్తులన్నిటినీ కలుపుతూ పోయే గాజు ముఖభాగపు చట్రాల వెంట చుట్టుతిరిగి వస్తుంది. 2013 మేలో ఆఫీసులను పూర్తిస్థాయి ప్లానింగు అనుమతి లేకుండానే ఇళ్లుగా మార్చుకోవచ్చని ఇంగ్లండులో సడలింపు వచ్చినా, ఏలినవారి నిబంధన మాత్రం ఆ ఇళ్లకూ వర్తిస్తూనే ఉంది. లేకుంటే ఆ గాజు భవనాల్లో కాపురాలు ఎలా ఉండేవో ఊహించుకోవచ్చు.

అయితే ఏలినవారు పరీక్షించమన్నది ప్రతి ఇంటినీ కాదు. ఒకే తీరున కట్టిన పది ఇళ్లలో కనీసం ఒకచోట ఒక విడత పరీక్షలు జరిపితే, అవి నెగ్గితే, మిగతా తొమ్మిదీ నెగ్గినట్టే. కొత్త కట్టడాల విషయంలో బిల్డరుకు మరో వెసులుబాటు 2004 నుంచి ఉంది: ముందే పరీక్షలకు నిలిచిన నిర్మాణ నమూనాల్లో ఒకదాన్ని ఎంచుకుని, ఒక్కో ఇంటికి రుసుము కట్టి నమోదు చేసుకుని, ఆ నమూనాను తుచ తప్పకుండా పాటిస్తే పూర్తయ్యాక పరీక్ష అక్కరలేదు. ‘రోబస్ట్ డీటెయిల్స్’ అని పిలిచే ఈ పద్ధతిలోని నమూనాలు కనీస అంకెల కంటే మెరుగైనవే, అప్పుడప్పుడు తనిఖీలూ ఉంటాయి. దాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు. మార్చిన ఇళ్లకు ఈ వెసులుబాటు లేకపోవడం కూడా సబబే. పేచీ అల్లా పదింటికి ఒకచోట పరీక్ష చాలన్న లెక్కతోనే: పాత ఇంటికి కవల ఉండదు. ఒకే వీధిలో, ఒకే మేస్త్రి నూరేళ్ల క్రితం కట్టిన రెండు ఇళ్లలో ఒకదాని కప్పు కింద పాత సున్నపు పూత గట్టిగా ఉంటే, రెండోదానిలో ఎవరో ఎప్పుడో దాన్ని రాల్చి పలచటి బోర్డు కొట్టి ఉంటారు. అన్నం ఉడికిందా లేదా ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుందన్న లెక్క కొత్త కాలనీకి నప్పవచ్చు; మార్చిన ఇళ్లకు నప్పదు.

కొలిచే గదుల ఎంపిక సంగతీ ఏలినవారు ఒకసారి ఆలకించాలి. పరీక్ష వీలైనంతవరకూ పడకగదుల జంటలోనూ, ముందుగదుల జంటలోనూ జరుగుతుంది. గదుల పరిమాణమూ వీలైతే కనీసం 25 ఘనమీటర్లు ఉండాలి. గోడలకు వంటింటి అల్మరాలు ఉంటే వాటి తలుపులు తెరిచి, లోపల ఏమీ లేకుండా ఉంచాలన్నంత సూక్ష్మం దాకా నియమం వెళ్లింది. ఆ అల్మరాలో రేపు కుక్కరు, మిక్సీ, ఇడ్లీపిండి రుబ్బే గ్రైండరు చేరతాయని మాత్రం నియమం అనుకోలేదు. లండన్ శివార్లలో ఇలా మార్చిన వాటాల్లో ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఈ సంగతి ప్రత్యేకంగా తెలుసు: పొద్దున్నే తిరిగే గ్రైండరు వంటింటి బల్లను, బల్ల గోడను, గోడ అవతలివాడి మంచాన్ని వణికిస్తుంది.

ఇంత రాయడానికి అసలు కారణం న్యాయస్థానంలో ఉంది. దక్షిణ లండన్‌లోని సదర్క్ పురపాలక సంస్థ ఫ్లాట్లలో, మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన రోజుల్లో ధ్వని నిరోధమన్నది లేకుండా కట్టిన ఇళ్లలో, పొరుగువారి దైనందిన జీవితమంతా వినిపిస్తోందని అద్దెదారులు వేసిన దావా అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. 1999 అక్టోబరులో వచ్చిన తీర్పు వారికి వ్యతిరేకం. అద్దె ఒప్పందంలో ఇంటిని ప్రశాంతంగా అనుభవించనిస్తానని యజమాని ఇచ్చే హామీ, అద్దెకు దిగేనాటికే ఇంటిలో ఉన్న లోపానికి వర్తించదనీ, పొరుగువారు మామూలుగా, సబబుగా బతుకుతూ చేసే చప్పుడు చట్టం దృష్టిలో ఉపద్రవం కాదనీ న్యాయమూర్తులు తేల్చారు. తర్కానికి అది నిలిచే తీర్పే: పక్కింటివాడు నడవడం నేరం కాదు. 2022 అక్టోబరులో సామాజిక గృహాల అద్దెదారుల ఫిర్యాదులు చూసే హౌసింగ్ అంబుడ్స్‌మన్ చప్పుళ్ల గురించి ప్రత్యేక నివేదిక వెలువరించి, మామూలు కాపురపు చప్పుళ్లను అల్లరిమూకల ఆగడంగా పరిగణించి విచారణలు జరపడం తప్పని, ఇళ్లనే బాగుచేయాలని యజమాని సంస్థలకు హితవు చెప్పారు. హితవు హితవే, చట్టం చట్టమే. కాబట్టి గోడ అవతలి జీవితం గురించి చట్టం ముఖ్యంగా చెవి ఒగ్గేది ఇల్లు పూర్తయ్యాక జరిగే ఆ పరీక్ష నాడే; ఆ రోజు దాటితే చాలామందికి మిగిలేది సర్దుకుపోవడమో, ఇల్లు మారడమో.

అలాంటి రోజు ఫలితం ఎక్కడికి పోతోంది? నిబంధన ప్రకారం పరీక్ష పూర్తయిన అయిదు రోజుల్లో స్థానిక అధికార సంస్థకు అందాలి. ఇంట్లోకి దిగేవారికి ఇవ్వాలని ఆ నిబంధనలో లేదు. అదే దేశంలో ఇల్లు అమ్మినా అద్దెకిచ్చినా, అది వేడిని ఎంత పొదుపుగా వాడుకుంటుందో ‘ఏ’ నుంచి ‘జి’ దాకా శ్రేణి వేసిన శక్తి ధ్రువపత్రం చూపించి తీరాలి. చలికి ఉన్న మర్యాద చప్పుడుకు లేదు.

హైదరాబాదులోనో విజయవాడలోనో కూర్చుని దీన్ని చదివేవారికి నవ్వు రావచ్చు. భారత జాతీయ భవన నియమావళి 2016లో ధ్వనిశాస్త్రానికి, ధ్వని నిరోధానికి ప్రత్యేక విభాగమే ఉన్నా, నివాసయోగ్యతా పత్రం ఇచ్చేముందు గోడను కొలిచే ఆచారం ఇక్కడ లేదు. అందుకే ఏలినవారి మీద ఈ ఫిర్యాదు, ఉన్నవాడి మీద చేసే ఫిర్యాదే.

కాగా ఏలినవారు దయచేసి, మార్చి చేసిన ప్రతి వాటాలోనూ పరీక్ష జరిపించాలనీ, వంటింటినీ, వంద హెర్ట్జ్‌ల కింది ధబ్ధబ్‌నూ లెక్కలోకి తీసుకోవాలనీ, అన్నిటికంటే ముందుగా, ఖర్చేమీ లేని పని గనుక, పరీక్ష ఫలితపు కాగితాన్ని ఇంటి తాళాలతోపాటు కాపురానికి వచ్చేవారి చేతికి ఇప్పించాలనీ ప్రార్థన.

ఇట్లు,
విధేయులైన గోడ ఇవతలివారు, అవతలివారు