కోస్తా బావగారు

‘డిసెంబరు ఆఖర్లో ఎక్కడికైనా వెళ్ళొద్దామా’ అని భోజనాల దగ్గర ఎవరో మాటవరసకి అంటారు. అన్నవాళ్ళు చెయ్యి కడుక్కునేలోగా మర్చిపోతారు. బావగారు మర్చిపోరు.

విశాఖపట్నంలో ఏ చుట్టరికం తిరగేసినా ఇలాంటి బావగారొకరు దొరుకుతారు. బ్యాంకులోనో, స్టీలు ప్లాంటులోనో మంచి హోదాలోనే ఉంటారు. అక్కడ ఆయన మాట ఎవరూ పెద్దగా వినరని నా అనుమానం. లేకపోతే ఇంటిల్లిపాదిని నిమిషాల లెక్కన నడిపించాలన్న ఆ దాహం ఎక్కడినుంచి వస్తుంది?

ఆ రాత్రే వాట్సాప్‌లో ‘కోస్తా విహారం’ అని ఒక గ్రూపు పుడుతుంది. తెల్లారేసరికి అందులో పటం ప్రత్యక్షం. కత్తిపూడి దగ్గర పెద్ద హైవేని వదిలి 216వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే కాకినాడ, యానాం, అమలాపురం, రాజోలు, నరసాపురం, బందరు, రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా ఒంగోలు దాకా దాదాపు 390 కిలోమీటర్లు. పటంలో ఆ గీత పొడుగునా నీలం రంగు అంటుకునే ఉంటుంది. ఆ నీలం చూసే బావగారు మనసు పారేసుకుంటారు. ‘కుడివైపు కొబ్బరితోటలు, ఎడమవైపు బంగాళాఖాతం, మధ్యలో మనం’ అని సందేశం పెడతారు. తోడల్లుడు ఒక బొటనవేలి బొమ్మ పడేసి ఊరుకుంటాడు. మిగతావాళ్ళు అదీ పెట్టరు.

తరవాత పట్టిక వస్తుంది. ఆగవలసిన చోటు, చేరే వేళ, ఆగే నిమిషాలు, చివర్న ‘చూడదగినతనం’ అని పదికి మార్కులు. బావగారు వీటిలో ఒక్క చోటుకీ వెళ్ళి ఎరగరు. ఫోన్లో ఎవరెవరో పెట్టిన ఫొటోలు చూసి వేసిన మార్కులవి. అన్నవరం 20 నిమిషాలు, ప్రసాదానికి మాత్రమే. ఇక్కడ అత్తగారి గొంతు మొదటిసారి లేస్తుంది. “సత్యదేవుడి కొండ కిందనుంచి ప్రసాదం కొనుక్కుని పోవడమేమిటి అల్లుడుగారూ, దర్శనం వద్దా?” అల్లుడుగారు దర్శనానికి 30 నిమిషాలు కలుపుతారు. డిసెంబరు ఆఖర్లో, అన్నవరంలో, 30 నిమిషాలు. సత్యదేవుడు నవ్వుకుని ఉంటాడు.

బయల్దేరే వేళ తెల్లవారుజామున మూడున్నర. ఉప్పాడ ఒడ్డున సూర్యోదయానికి పదికి పది పడ్డాయి మరి. మూడున్నరకి బావగారు స్వెటరు, మఫ్లరు వేసుకుని కారు పక్కన నిలబడి ఉంటారు. ఆయన ఒక్కరే ఉంటారు. అక్కయ్య పులిహోర కలుపుతూ ఉంటుంది, “దారిలో హోటళ్ళు లేవా?” అని ఆయన కేకేస్తే, “మీ పట్టికలో టిఫినుకి పది నిమిషాలు రాశారు, అందులో ఇడ్లీ చల్లారను కూడా చల్లారదు” అని లోపల్నుంచి జవాబు. బండి గాజువాక దాటేసరికి బళ్ళో పిల్లల ప్రార్థన కూడా అయిపోతుంది. సూర్యుడు ఎవరికోసమూ ఆగడు కాబట్టి ఉప్పాడలో తన మానాన తాను ఉదయించేసి ఉంటాడు.

ఉప్పాడ నుంచి కాకినాడ దాకా ఉన్న ఆ కాస్త బీచ్ రోడ్డు మాత్రం నిజంగానే సముద్రం పక్కన నడుస్తుంది. పున్నమికీ అమావాస్యకీ కెరటం రోడ్డు మీదికే వస్తుంది. ఎన్ని రాళ్ళు పోసినా, ఏళ్ళ తరబడి ఇళ్ళనీ గుళ్ళనీ లోపలికి లాక్కుంటూనే ఉంది. బావగారు పోటు, పాటు వేళలు కూడా దించుకొచ్చారు. కాకినాడ ఎదురుగా గోదావరి ఇసుకతో ఏర్పడ్డ హోప్ ఐలాండ్ అడ్డుగా ఉండబట్టే అక్కడ కెరటాలు అంత మెత్తగా ఉంటాయనీ, ఆ దిబ్బ పెరిగిన కొద్దీ ఉప్పాడకి కోత ముదిరిందంటారనీ వివరిస్తారు. ఇది వినదగిన మాటే. కానీ వినడానికి కారులో ఎవరూ లేరు. ఆడవాళ్ళందరూ జాందానీ చీరల దగ్గర దిగిపోయారు.

పట్టికలో ‘ఉప్పాడ చీరలు – 15 నిమిషాలు’ అని ఉంది. మగ్గం మీద వారాల తరబడి నేసిన చీరని, ఇటు చూసినా అటు చూసినా ఒకేలా ఉండే ఆ పువ్వుని, పావుగంటలో ఎంచి, బేరమాడి, డబ్బిచ్చి వచ్చెయ్యాలట! ఆ వరస రాసినప్పుడు బావగారు పెళ్ళయినవారేనా అని అనుమానం వస్తుంది. రెండు గంటల తరవాత మూడు సంచులతో బయటికొచ్చిన అక్కయ్య “ఒక్కటే తీసుకున్నాను, మిగతావి చూపించడానికి” అంటుంది. ఎవరికి, ఎక్కడ చూపిస్తుందో బావగారు అడగరు. చీరలకి పోయిన వేళ కోరింగ మడ అడవిలోంచి కోసుకుంటారు. చెక్కబాట మీద నడక రద్దు. బదులుగా, 1839 నవంబరు తుపానుకి కోరింగ రేవు ఎలా తుడిచిపెట్టుకుపోయిందో నడుస్తున్న కారులోనే చెబుతారు. “నాన్నా, అర్జెంటు” అంటాడు వెనక సీట్లోంచి చిన్నవాడు. పట్టికలో దానికి గడి లేదు.

యానాం రాగానే అప్పటిదాకా నిద్రపోతున్న తోడల్లుడు లేచి కూర్చుంటాడు. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉన్న ఊరు కదా, చరిత్ర కాస్త దిగి చూడాలంటాడు. ఆయనకి చరిత్ర మీద ఇంత మక్కువ ఉందని ఇంట్లో ఎవరికీ తెలీదు. సీసా చప్పుడయ్యే సంచీతో తిరిగొస్తాడు.

యానాం వంతెన మీద గౌతమి దాటాక బావగారు కొంచెం మాట తగ్గిస్తారు. ఎడమవైపు చూస్తూ ఉంటారు. కొబ్బరితోట, వరిచేను, లాకులు, రొయ్యల చెరువు, మళ్ళీ కొబ్బరితోట. పేరుకి కోస్తా రోడ్డేగానీ, 216 మీద పోయేవాడికి సముద్రం దర్శనమివ్వదు. మధ్యలో ఉప్పుటేళ్ళూ, కాలవలూ, మురుగు కోడులూ అడ్డం. కావలసినవాళ్ళు అంతర్వేదికో, పేరుపాలేనికో, మంగినపూడికో పక్కదారి పట్టి పోవలసిందే. అత్తగారు అడగనే అడుగుతారు: “సముద్రం ఏదీ అల్లుడుగారూ?” “ఆ చెట్ల వెనకాలే అత్తయ్యా.” అమలాపురంలోనూ అదే మాట, రాజోలులోనూ అదే మాట.

భోజనానికి కూర్చుని పులస కావాలంటారు. పట్టికలో పులసకి తొమ్మిది మార్కులు. “డిసెంబర్లో పులసేటండి బాబూ!” అని వడ్డించేవాడు జాలిగా చూస్తాడు. “అది వరద గోదాట్లో ఎదురెక్కి వస్తదండి. కొర్రమేనుందండి, ఎయ్యమంటారా, ఆయ్?” బావగారు పెన్ను తీసి ఆ తొమ్మిదిని కొట్టేస్తారు. చేప తప్పు చేసినట్టు.

అంతర్వేదిలో నరసింహస్వామి దర్శనమై బయటపడేసరికి చీకటి. అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర వశిష్ఠ సముద్రంలో కలిసే చోట రెండు నీళ్ళూ రెండు రంగుల్లో కనిపిస్తాయని బావగారు రాసుకున్నారు. ఆ వేళకి రెండూ నలుపే. “అదిగో, వినండి” అని మాత్రం అనగలిగారు.

రాత్రి దిండిలో బస. పక్కనే చించినాడ వంతెన. దాటితే పడమర గోదావరి. కానీ పట్టికలో పంటు ఉంది కాబట్టి పొద్దున్నే వెనక్కి సఖినేటిపల్లి రేవుకి పోవాలి. పంటు అవతల నరసాపురం వైపుంది. “వచ్చేత్తదండి” అంటారు రేవులోవాళ్ళు. ఎప్పుడని మాత్రం అనరు. ముందు ఆరు కార్లు, లెక్కలేనన్ని మోటారుసైకిళ్ళు. అంతా దిగుతారు. పులిహోర డబ్బా తెరుచుకుంటుంది. పిల్లలు గట్టు మీద పీతల వెంట పడతారు. అత్తగారు కొబ్బరిబొండాలమ్మే ఆమెతో పది నిమిషాల్లో చుట్టరికం కలిపేసి, వాళ్ళ అమ్మాయి పురుడు దాకా వచ్చేస్తారు. పంటు ఇంకాస్త ఆలస్యమైతే బావుణ్ణని అందరి మొహాల్లోనూ ఉంది, ఒక్కరి మొహంలో తప్ప. ఆయన గడియారం చూసుకుని, పట్టిక మడిచి, వెనకవైపు ‘వృథా – 1 గంట 20 ని.’ అని రాస్తారు.

నేనేదో ఎగతాళి చేస్తున్నాననుకోవద్దు. ఈయనే లేకపోతే ఆ ఇంట్లో ఎవరూ గాజువాక దాటరు. డీజిలు, గదులు, టోలు, అత్తగారి బీపీ మాత్రలు అన్నీ ఆయన తలమీదే ఉంటాయి. కాకపోతే ఆయన అసలు ప్రయాణం బయల్దేరకముందే, కుర్చీలో కూర్చునే, అయిపోయింది. అందులో కారు ఆగలేదు, ఎవరికీ కడుపు తిప్పలేదు, సముద్రం ఎడమవైపు నుంచి కదల్లేదు. ఇప్పుడు జరుగుతున్నదంతా దానికి అచ్చుతప్పుల ప్రతి.

బందరు తొక్కుడు లడ్డూకి ఎవరూ పేచీ పెట్టలేదు. సూర్యలంకలో ఎట్టకేలకి పట్టపగలు, నిండుగా, సముద్రం దొరికింది. అందరూ మోకాళ్ళదాకా దిగారు. బావగారు ఒడ్డున చెప్పులకి కాపలా కాస్తూ, ఫోన్లో ఒంగోలు నుంచి కిందికి చూసుకుంటున్నారు. తిరుగు ప్రయాణంలో కారు ఏలూరు దాటకముందే గ్రూపు పేరు ‘కోస్తా విహారం – 2’ అయింది: రామాయపట్నం, మైపాడు, నేలపట్టు, పులికాట్, చలికాలమైతే ఫ్లెమింగోలు. ఫ్లెమింగోలకి పదికి పది, 25 నిమిషాలు.

ముందు సీట్లోంచి బావగారు ఉత్సాహంగా చదివి వినిపించారు. అక్కయ్య కిటికీ అద్దం దించింది. తోడల్లుడు కళ్ళు మూసుకున్నాడు.

“అందులో సముద్రం ఉందా అల్లుడుగారూ?” అన్నారు అత్తగారు.