పెళ్ళిపెద్దలకు పుల్లత్రేన్పుల విన్నపం

మహారాజశ్రీ పెళ్ళిపెద్దల దివ్యసముఖానికి,

మీ ఇంటి రిసెప్షన్ శుభలేఖ అందింది. 'విందు: రాత్రి 7 గంటలకు' అని బంగారు అక్షరాల్లో ఉంది. ఆ ఏడు తొమ్మిదిన్నర అవుతుందని మీకూ తెలుసు, మాకూ తెలుసు. తెలియనిదల్లా మా పొట్టలకే.

అన్నం తిన్నాక గుండెల్లో మంట, పడుకుంటే గొంతులోకి పులుపు, తెల్లవారితే పొడిదగ్గు. ఈ మూడింటితో ఏళ్ళ తరబడి కాపురం చేస్తున్న వాళ్ళందరి తరఫున రాస్తున్నాను. డాక్టరు రాసిన మాత్ర టిఫినుకు అరగంట ముందే వేసుకుంటున్నాం. అది ఆమ్లాన్ని తగ్గిస్తుంది గానీ, అన్నవాహిక అడుగున బిగిసి ఉండాల్సిన కండరం సడలితే దాన్ని బిగించలేదు. పొట్ట నిండేకొద్దీ, నూనె పెరిగేకొద్దీ ఆ కండరం సడలుతుంది. అందుకే "మితంగా తినండి, తిన్నాక మూడు గంటలు నడుం వాల్చకండి" అన్నారు డాక్టరు. మొదటిది మా చేతిలో ఉంది, మీ అక్కగారు వడ్డనకు రానంతవరకు. రెండోది పూర్తిగా మీ చేతిలోదే. పదింటికి చెయ్యి కడుక్కున్నవాడు ఒంటిగంట దాకా మేలుకోవాలి మరి.

మెనూ జోలికి రాము. ఒకరికి గోంగూర పడదు, ఒకరికి కాఫీ, ఇంకొకరికి టమాటా. ఎవరి లెక్క వాళ్ళు రాసుకుని తెలుసుకోవాల్సిందే. కాకపోతే మిర్చిబజ్జీ, బిర్యానీ, పైన కూల్‌డ్రింకు, చివర పిప్పర్‌మెంటు కిళ్ళీ వరసగా పెట్టి, వెంటనే పడక చూపించకండి.

మా కోరికలు ఇవి:

1. ఏడున్నరకల్లా వడ్డన మొదలుపెట్టించండి. ఫోటోల వరస తర్వాత పెట్టుకోండి. స్టేజీ ముందు గంటసేపైనా నిలబడతాం. నిలబడితే ఆమ్లం కిందే ఉంటుంది.

2. 'ఇంకొక్కటి' అనే మాట విస్తరికి ఒక్కసారే వాడాలి.

3. విడిదిలో మా మంచాలకు తలవైపు కోళ్ళ కింద ఆరంగుళాల దిమ్మలు పెట్టించండి. దిండు మీద దిండు వేస్తే నడుం దగ్గర ఒళ్ళు మడతపడి పొట్ట నొక్కుకుంటుంది. ఎడమవైపు తిరిగి పడుకునేంత చోటు ఇస్తే మరీ మేలు.

4. పంచె మీద బెల్టు బిగించుకోలేదని మమ్మల్ని చూసి ఎవరూ నవ్వకూడదు.

మా వైపు నుంచీ ఒక హామీ. మంట చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా 'గ్యాసే' అనుకుని మీ సోడా తాగుతూ కూర్చోం. నేరుగా ఆసుపత్రికి వెళ్తాం. ముద్ద దిగకపోయినా, ఊరికే బరువు తగ్గుతున్నా, మలం నల్లగా వచ్చినా డాక్టరు దగ్గరికే.

ముహూర్తం తెల్లవారుజామున మూడింటికి పెట్టుకున్నా మాకు అభ్యంతరం లేదు. అది మీకూ పురోహితులకూ సంబంధించిన సంగతి. అక్షింతలు ఏ వేళకైనా వేస్తాం. అన్నం మాత్రం వేళకు పెట్టించండి.

ఇట్లు,
వధూవరుల క్షేమం, తమ నిద్ర రెండూ కోరే
మీ అతిథులు