చాప వేసి పడుకోండి, గోడ సంగతి తర్వాత

పుట్టబోయే బిడ్డకి గది ముస్తాబు చేయాలనుకునేవాళ్లకి నేను చెప్పే మొదటి మాట, గది కేటాయించకండి. రెండోది, గోడల జోలికి పోకండి. మూడోది, పర్సు తీయకముందే ఆ గదిలో నేల మీద చాప వేసుకుని వెల్లకిలా పడుకుని పది నిమిషాలు పైకి చూడండి. ఇవి తలకిందుల సలహాలని మా ఇంట్లోవాళ్లే అన్నారు. ఇద్దరు కూతుళ్లకి పురుళ్లు పోశాక ఇవే సరైనవని నాకు గట్టిగా అర్థమైంది.

పెద్దమ్మాయి తొలి కాన్పుకి వచ్చినప్పుడు నేనూ అందరిలాగే చేశాను. 2,800 రూపాయలు పెట్టి చందమామ, మబ్బులు, ఏనుగు పిల్ల ఉన్న స్టిక్కర్లు తెప్పించి వీధి వైపు గోడంతా అతికించాం. రాజమండ్రిలో ఆషాఢం వానలకి ఆ గోడ చెమ్మ పీలుస్తుందని నాకు తెలియనిది కాదు, ఉత్సాహంలో గుర్తు రాలేదు. నెల తిరక్కుండా మబ్బులు ఉబ్బి, అంచులు లేచి, వాటితోపాటు డిస్టెంపరు పెచ్చులు ఊడి పక్కబట్టల మీద రాలాయి. బిడ్డ దుప్పటి మీద తెల్లటి పొడి చూసి నా గుండె ఆగినంత పనైంది. అయిదో నెలలో వాడు తల్లితో తాతగారింటికి, అంటే వాళ్ల నాన్నగారి ఊరికి వెళ్లిపోయాడు. మిగిలిన మబ్బులు చూస్తూ మేమిద్దరం ఆ గదిలో ఏడాదిపాటు పడుకున్నాం.

మన పురుళ్ల పద్ధతి చూసుకుంటే ఈ ఖర్చు ఎంత దండగో తెలుస్తుంది. తొలి కాన్పు పుట్టింట్లో. మూడో నెలలోనో అయిదో నెలలోనో సారె పెట్టి పంపిస్తాం. గోడకి పెట్టిన ప్రతి రూపాయీ అమ్మమ్మ ఇంట్లోనే ఉండిపోతుంది, బిడ్డతో వెళ్లేది సంచిలో పట్టేదే. కాబట్టి సంచిలో పట్టే వాటికే ఖర్చు పెట్టండి. ఇక విడిగా గది ఎందుకు వద్దంటే, మొదటి ఆరు నెలలు బిడ్డ తల్లి ఉన్న గదిలోనే, తనదైన వేరే పక్క మీద పడుకోవడం మంచిదని పిల్లల డాక్టర్లే చెబుతున్నారు. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2022లో ఇచ్చిన సూచనల్లోనూ అదే ఉంది. తల్లి మంచం పక్కన మూడడుగుల జాగా చాలు.

చిన్నమ్మాయి కాన్పుకి వచ్చే ముందు నేను ఆ మూడడుగుల జాగాలో చాప వేసి పడుకున్నాను. నిలబడి చూసినప్పుడు శుభ్రంగా ఉన్న గది పడుకుని చూస్తే వేరే గది. ఫ్యాను రెక్కల ముందు అంచున వేలు మందాన నల్లటి దుమ్ము. కళ్లలోకి సూటిగా పొడుచుకొచ్చే ట్యూబు లైటు. అటక అడుగున సాలెగూడు. అన్నిటికంటే భయపెట్టింది, అటక అంచు దాటి జానెడు బయటికి వచ్చిన పాత సూట్‌కేసు. సరిగ్గా బిడ్డ పక్క వేద్దామనుకున్న చోటుకి పైన ఉంది. మీ ఇంట్లోనూ ఇలాంటిదేదో ఉంటుంది, పడుకుంటే తప్ప కనపడదు. ఆ సూట్‌కేసు దింపించి, బూజు కర్రతో దులిపి, ఫ్యాను రెక్కలు తడిగుడ్డతో తుడిపించాను. మొదటి అలంకారం అదే, ఖర్చు లేదు. పసిబిడ్డ నెత్తి మీద తిరిగే ఫ్యాను శుభ్రంగా ఉండొద్దా? ట్యూబు లైటు ఆపేసి, తల్లి మంచం కింద వైపున్న ప్లగ్గుకి అర వాట్ ఎల్ఈడీ బెడ్ లైటు పెట్టాను. రాత్రి మూడుసార్లు లేచే తల్లికి వెలుగు కాళ్ల దగ్గర కావాలి, బిడ్డ మొహం మీద కాదు.

ఇప్పుడు గోడ రంగు మాట. అప్పుడే పుట్టిన బిడ్డకి స్పష్టంగా కనిపించే దూరం 20 నుంచి 30 సెంటీమీటర్లు. మన లెక్కలో జానెడు, ఇంకో నాలుగు వేళ్లు. పాలు తాగే బిడ్డకి తల్లి మొహం ఎంత దూరంలో ఉంటుందో అంత. ఆరడుగుల అవతలి గోడ మీద లేత గులాబీ ఉన్నా, లేత నీలం ఉన్నా వాళ్లకి మసకే. రంగులు బాగా తేడా తెలిసేది నాలుగైదు నెలలకి. అంతవరకు వాళ్ల చూపుని పట్టి నిలిపేది నలుపూ తెలుపూ పక్కపక్కనే ఉన్న చోటు. అమ్మ నుదురూ జుట్టూ కలిసే గీత అలాంటిదే, అందుకే పసివాళ్లు మన కళ్లలోకి కాకుండా కాస్త పైకి చూస్తున్నట్టుంటారు.

ఇలాంటి నలుపు తెలుపు బొమ్మలున్న అట్టలు పెట్టెలో పెట్టి బోలెడు ధరకి అమ్ముతున్నారు. కొనకండి. మన చేతిలో ముగ్గు ఉంది. ఓ నల్ల చార్టు, తెల్ల పోస్టర్ కలర్ సీసా తెచ్చుకుంటే 50 రూపాయల్లో అయిపోతుంది. చిన్నమ్మాయి ముచ్చటపడి పదిహేను చుక్కల మెలికల ముగ్గు వేయబోయింది. "అంత సన్నటి గీతలు వాడికి బూడిద రంగు మరకలా కనపడతాయే, వేలంత లావు గీత గీయి" అన్నాను. నాలుగు చుక్కలు పెట్టి, నాలుగు రేకుల పువ్వు, చుట్టూ ఓ చతురస్రం. అంతే. కాగితం పెద్దదైతే వంగిపోతుంది, పలక అంత ముక్క కత్తిరించి వెనక అట్ట అతికించాం.

మూడో వారంలో ఓ పొద్దున, మనవడు పాలు తాగి కడుపు నిండి మెలకువగా ఉన్నాడు. అప్పుడే చూపించాలి, ఆకలి మీద ఉన్నప్పుడూ నిద్ర ముంచుకొచ్చినప్పుడూ వద్దు. జానెడు దూరంలో పట్టుకున్నాను. కాసేపు కళ్లు ఎక్కడెక్కడో తిరిగాయి. తర్వాత ఓ రేకు అంచు దగ్గర ఆగాయి. కాళ్లు తన్నుకోవడం మానేశాడు, పెదాలు సున్నాలా చుట్టాడు. నేను కాగితాన్ని మెల్లగా కుడికి జరిపితే ఆ చూపు ఆగి ఆగి దాని వెంటే వచ్చింది. ఓ నిమిషం అయ్యాక మొహం తిప్పేసుకున్నాడు. చాలు అని చెప్పడం అది, ఇంక మొహం ముందు పెట్టి విసిగించకూడదు. వాళ్ల అమ్మ ఏడ్చేసింది. నాకూ కళ్లు తడిశాయి.

ఆ కాగితాన్ని బిడ్డ పక్క మీద ఎప్పుడూ వదలకండి. నెత్తి మీద వేలాడదీయకండి కూడా. పసివాళ్లు తల నిటారుగా పెట్టుకోరు, ఓ పక్కకి వాల్చి పడుకుంటారు, వాళ్లు చూసేది పక్కకే. బజార్లో తొట్టి మీదకని అమ్మే చిలకల గుత్తుల్ని ఓసారి కింద నుంచి చూడండి. రంగులూ కళ్లూ ముక్కులూ అన్నీ నిలబడ్డవాళ్ల వైపు, పడుకున్న బిడ్డకి మిగిలేది పొట్ట కింది కుట్టు. కొనే తీరాలనుకుంటే కిందికి తల వంచి చూసే చిలకల్ని ఎంచుకోండి, చేతికి అందనంత ఎత్తులో గట్టిగా కట్టండి, బిడ్డ బోర్లాపడి చేతుల మీద లేవడం మొదలుపెట్టగానే తీసేయండి.

తలని పక్కకి వాల్చే ఈ అలవాటుతో ఓ చిక్కు కూడా ఉంది. ఒకే పక్క పడుకుంటే తల ఆ వైపు చదునవుతుందని మనవాళ్లు ఆవాల దిండు కుడతారు. మా అమ్మా కుట్టింది, నేనూ దాని మీదే పెరిగాను. అయినా ఇప్పుడు వద్దంటాను, పసిబిడ్డ పక్కలో ఏ దిండూ క్షేమం కాదు. దానికి బదులు ఓ రోజు తల ఈ వైపు, మర్నాడు ఆ వైపు ఉండేటట్టు పడుకోబెట్టండి. కిటికీ వెలుగున్న వైపు తల తిప్పుతారు కాబట్టి రోజు మార్చి రోజు కాళ్ల వైపు తల పెడితే చాలు. మెలకువగా ఉన్నప్పుడు మీరు ఎదురుగా ఉండి కాసేపు బోర్లా పడుకోబెట్టి, ముందు ఆ ముగ్గు కాగితం నిలబెట్టండి.

డబ్బు ఎక్కువగా మిగిలేది తొట్టి దగ్గరే, ఎందుకంటే తొట్టిలో ఏమీ వేయకూడదు. దిండు వద్దు, మెత్తటి బొమ్మ వద్దు, చుట్టూ కట్టే దూది గోడలు అసలే వద్దు. సెట్టు పేరుతో అమ్మేవాటిలో సగం ఇవే. ఊపిరాడని ప్రమాదం ఉందని ఆ దూది గోడల అమ్మకాన్ని అమెరికా 2022లో చట్టం చేసి నిషేధించింది. గట్టి పరుపు, దాని మీద బిగుతుగా దోపిన ఒక్క దుప్పటి, బిడ్డ వెల్లకిలా. చూడటానికి బోసిగా ఉంటుంది, అలాగే ఉండాలి. చీర ఉయ్యాల నాకు ప్రాణం, బారసాలనాడు పసుపు కుంకుమ పెట్టి అందులోనే వేశాం. పగలు ఎదురుగా ఓ మనిషి కూర్చుని ఊపుతుంటే సరే, రాత్రి నిద్రకి మాత్రం చదునైన పక్కే. దాని మీద గొడుగులా తెరుచుకునే దోమతెర కొనండి. అందులో పిసినారితనం వద్దు, దోమల బత్తి పొగ పసిబిడ్డ ఊపిరికి మంచిది కాదు.

రంగు వేయించే తీరతాం అనేవాళ్లకి రెండు మాటలు. పసుపు రంగు మాత్రం వద్దు, గోడకీ తెరకీ కూడా. పుట్టిన రెండో రోజో మూడో రోజో చాలామంది బిడ్డలకి పచ్చకామెర్లు కనిపిస్తాయి. పగటి వెలుగులో కిటికీ దగ్గర బిడ్డ ఒళ్లు చూసి గుర్తుపట్టాలి. పసుపు గోడ మీద పడిన వెలుగు ఆ చూపుని మోసం చేస్తుంది. పచ్చదనం మొహం నుంచి పొట్టకీ కాళ్లకీ దిగుతుంటే డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి, గోడ రంగేమో అనుకుంటూ ఒక్క రోజు కూడా పోగొట్టుకోకూడదు. తెల్ల సున్నం చవక, అదీ కాన్పుకి నెల రెండు నెలల ముందే వేయించండి. పాత తలుపులూ కిటికీల మీద ఎనామిల్ పెయింటుని గరుకు కాగితంతో రుద్దించకండి. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది, అంతకు ముందు పూతల్లో ఎంత ఉందో ఎవరు చూశారు? రుద్దితే లేచే పొడి గర్భిణికీ బిడ్డకీ చేటు.

కొత్త బట్టలు కొనడం మానేసి పాతవి అడగండి. నాలుగిళ్లు తిరిగి మెత్తబడిన పంచెలూ నూలు చీరలూ తెచ్చుకోవడంలో నామోషీ ఏమీ లేదు, ఇచ్చినవాళ్లు దీవించి ఇస్తారు. మా అత్తగారి రెండు నూలు చీరలూ మా ఆయన పంచె ఒకటీ కలిపి బొంత కుట్టాను, నేల మీద బిడ్డని ఆడించడానికి. ఇక్కడ ఒక్క జాగ్రత్త. ట్రంకు పెట్టెలోంచి తీసిన బట్టలకి కలరా ఉండల వాసన ఉంటే బిడ్డ దగ్గరికి రానీయకండి. కొందరు పిల్లలకి పుట్టుకతో జీ6పీడీ అనే ఎంజైము తక్కువగా ఉంటుంది, ఆ ఉండల్లోని నాఫ్తలీన్ వాళ్ల ఎర్ర రక్తకణాలని చిదిమేసి కామెర్లని ముదరబెడుతుంది. రెండుసార్లు ఉతికి, రోజుల తరబడి ఎండలో వేసినా వాసన పోకపోతే ఆ బట్ట ఇల్లు తుడవడానికి వాడేయండి.

కొన్న బొమ్మ ఒక్కటే. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక గిలక్కాయ. అంకుడు కర్రని తిప్పుతూ, చెట్ల రంగులు కలిపిన లక్క పట్టించి చేస్తారు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిన పనితనం. అరచేతిలో పట్టుకుంటే నునుపుగా, గోరువెచ్చగా ఉంటుంది. అమ్మేవాళ్లని అడిగి చెట్ల రంగులదే తీసుకోండి, ఊడే ముక్కలేమైనా ఉన్నాయేమో లాగి చూడండి.

మిగిలిన డబ్బుతో తల్లికి చేతులున్న కుర్చీ ఒకటి కొన్నాను, ప్లాస్టిక్‌దే, వీపుకి దిండుతో. పక్కన స్టూలు, దాని మీద మూతపెట్టిన చెంబు. పాలిచ్చే తల్లికి దాహం ఆగదు, బిడ్డ ఒళ్లో ఉండగా లేవలేదు. మొత్తం 1,900 రూపాయల్లో అయిపోయింది, అందులో సగం ఆ కుర్చీకే.

అయిదో నెలలో వాళ్లని తీసుకెళ్లడానికి అల్లుడు వచ్చాడు. బొంత, దోమతెర, బెడ్ లైటు, గిలక్కాయ ఒక సంచిలో సర్దాం. ముగ్గు అట్టకి ఓ మూల వాడి నోటి తడికి రంగు చెరిగింది. "కొత్తది వేసిస్తా ఉండవే" అంటే "వద్దమ్మా, వాడు గుర్తుపట్టేది దీన్నే" అని బట్టల మధ్య నిలువుగా దోపుకుంది. వాళ్లు వెళ్లాక మా మంచం మళ్లీ కిటికీ దగ్గరికి జరుపుకున్నాం. గోడ నుంచి ఒక్క మేకు పీకాల్సి రాలేదు.