పసుపును పసుపులా కనబడనీ

మా రోజుల్లో ఫొటో దిగడమంటే ఒక పూట పని బిడ్డా. నిజామాబాద్‌లో నా స్టూడియో నడిచిన కాలంలో బోధన్ నుంచి పెళ్లివాళ్లు పొద్దటి బస్సుకే వచ్చి, స్నో, పౌడరు రాసుకొని, తాజ్‌మహల్ గీసిన పరదా ముందు ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లు. 120 రోల్ వేస్తే నా కెమెరాలో పన్నెండే ఫొటోలు. ఒకటి చెడిపోయిందా, ఆ నష్టం నాదే. అందుకని నొక్కేముందు గడ్డం కింద నీడ ఎటు పడిందో, కంట్లో వెలుగు చుక్క ఉందో లేదో నిమ్మళంగా చూసుకునేవాణ్ణి. ఇప్పుడు మా కోడలు ఒక్క పసుపు ప్యాకెట్‌కు ఎనభై ఫొటోలు తీసి డెబ్బై తొమ్మిది చెరిపేస్తుంది. మీ కాలపువాళ్లు చూడటం మానేసి ఏరుకోవడం నేర్చుకున్నారు.

కోడలి కష్టాన్ని తక్కువ చెయ్యను. ఆర్మూరు దిక్కున పండిన పసుపు కొమ్ములు తెప్పించి, గిర్నిలో పట్టించి, సకినాలతో పాటు ఫోన్ మీదే అమ్ముతుంది. మా వెనకర్రే ఆమె కార్ఖానా. మంచం లేపి గోడకు ఆనించి, స్టూలు మీద కట్టె బొమ్మ ఉన్న కాగితం పరిచి, పసుపు గిన్నె పెడుతుంది. అక్కడితో ఆగితే బాగుండు. పక్కన మా అమ్మ కుంకుమ భరిణె, చుట్టూ చామంతులు, వెనకాల దాల్చినచెక్క, ఎందుకో ఒక పాత తాళంచెవి! అంత జాతరలో పసుపును వెతుక్కోవాలి. పైన ట్యూబ్‌లైటు, పక్కన కిటికీ వెలుగు; రెండూ కలిసి గిన్నెకు ఒక వైపు పచ్చగా, ఇంకో వైపు నీలంగా కొడతాయి.

మార్కెట్ యార్డులో పసుపు ఎట్లా కొనేవాళ్లో నువ్వు చూడలేదు. కాడి, అంటే పొడుగు కొమ్ములు, ఒక కుప్ప; గోళ, అంటే గుండ్రటి దుంపలు, ఒక కుప్ప. కొనేవాడు ఒక కాడి తీసి టప్పున విరిచి, లోపలి రంగు చూసి, ముక్కు దగ్గర పెట్టుకొని, ఆ తర్వాతే ధర మాట ఎత్తేవాడు. వాసన ఫొటోలో ఎక్కడి నుంచి వస్తుంది?

సరుకును చూపించడం నాకు నేర్పింది మా బాపు, బోధన్ శక్కర్‌నగర్‌లోని చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసినవాడు. 1937లో పెట్టిన ఫ్యాక్టరీ అది. నిజాంసాగర్ కాల్వ నీళ్లకు పెరిగిన చెరుకు, ఎడ్లబండ్ల మీద వచ్చి గేటు ముందు బారులు తీరేది. ఊరంతా మడ్డి వాసన. బాపు ఇంటికి తెచ్చిన చక్కెరను నల్లగుడ్డ మీద పోసి, దర్వాజ దగ్గర పక్క వెలుగులో పలుకు చూపించేవాడు. తెల్లటి సరుకుకు నల్లటి అడుగు, పక్క నుంచి వెలుగు: నా విద్యకు మొదటి పాఠం అదే. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఆ బండ్ల బారును నేను ఒక్కసారీ ఫొటో తీయలేదు. రోల్ ఖరీదని ఊరుకున్నాను. చేతిలో ఫోన్ ఉన్నవాడు ఆ పొరపాటు చెయ్యడు, అది మాత్రం ఒప్పుకుంటాను.

కానీ రంగు సంగతి ఒప్పుకోను. పోయిన పండక్కి కోడలు ఏదో యాప్‌లో పసుపును నారింజపండులాగా మెరిపించింది. హైదరాబాద్‌లో కొన్నావిడ ప్యాకెట్ విప్పి, ఫొటోలో ఉన్నది ఇది కాదని వాపసు పంపింది. సరుకు మంచిది. ఫొటో దానికి మచ్చ తెచ్చింది. ఫోన్ కూడా తక్కువది కాదు. ఎదురుగా అంతా పసుపే కనిపిస్తే, ఎక్కువైందనుకొని తనే రంగు తగ్గిస్తుంది. పక్కన ఒక తెల్లకాగితం పెట్టి చూపిస్తే చాలావరకు దారికొస్తుంది.

“మీరు నెగెటివ్ మీద పెన్సిల్‌తో అమ్మవారి మచ్చలు చెరిపేవాళ్లు కదా మామయ్యా?” అని కోడలు అడిగింది. చెరిపాను. పెళ్లిచూపులకు పంపే ఫొటోల్లోనే ఎక్కువ చెరిపాను. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. చూసినవాళ్లు మోసపోయారేమోనని ఇప్పటికీ మనసులో ముల్లులా ఉంది. అందుకే కోడలిని పోరుతున్నాను.

ఆమెకు చెప్పేది ఇదే: చిన్న గది చాలు బిడ్డా, నా స్టూడియో కూడా పెద్దదేం కాదు. ట్యూబ్‌లైటు ఆర్పు. స్టూలును కిటికీ పక్కకు జరుపు; ఎండ నేరుగా పడితే తెల్ల పంచె అడ్డం కట్టు. నీడ పడే వైపు థర్మాకోల్ ముక్క నిలబెట్టు. తెల్ల చార్టు గోడ మీంచి స్టూలు మీదికి వంపుగా దించితే వెనక గీత కనబడదు. పూలు దేవుడికి పెట్టు. కాడి ఒకటి విరిచి, విరిగిన వైపు కెమెరాకు తిప్పి పెట్టు. పది తీసినా సరే, ఒక్కటి తీసినా సరే, నొక్కేముందు ఒకసారి కంటితో చూడు. ఆ రంగుల యాప్ మాత్రం ఇవాళే తీసెయ్.