వినిపిస్తున్నానా సార్?

యూనివర్సిటీ హాస్టల్లో పొలిటికల్ సైన్స్ స్కాలర్ని ఇట్టే పోల్చుకోవచ్చు. చెవుల్లో ఇయర్‌ఫోన్స్, ఒంటిమీద ఇస్త్రీ చొక్కా, కెమెరాకి అందనిచోట లుంగీ. ఉదయం పదింటికల్లా జూమ్ ముందు కూర్చున్నాడంటే, పరిశోధనా పద్ధతుల మీద ఏడు రోజుల జాతీయ ఆన్‌లైన్ వర్క్‌షాపు మొదలైందన్నమాట. ఇదే అంశం మీద నిరుడూ ఒకటి చేశాడు. కాకపోతే అది అంతర్జాతీయం. నేపాల్ నుంచి ఒక ప్రొఫెసర్‌గారు మాట్లాడారు.

తెర మీద అతని పేరు ఒట్టి పేరులా ఉండదు. ఇంటిపేరు, సొంతపేరు, పీహెచ్‌డీ స్కాలర్, డిపార్ట్‌మెంట్, యూనివర్సిటీ, జిల్లా అన్నీ అండర్‌స్కోర్లతో కలిసి ఉంటాయి. ఆ చిన్న గడిలో పట్టేది మాత్రం ఇంటిపేరొక్కటే. వక్తగారి పరిచయం ఇంకా ఆయన రెండో ప్రాజెక్టు దగ్గరుండగానే, "చాలా లోతైన ఉపన్యాసం సార్, ధన్యవాదాలు" అని చాట్‌లో పెట్టేస్తాడు. తర్వాత రద్దీలో కనపడదని ముందుచూపు.

ఈ అలవాటు ఊరికే రాలేదు. యూజీసీ 2016 నిబంధనల ప్రకారం థీసిస్ ఇవ్వాలంటే సెమినార్లలో రెండు పత్రాలు చదివి, ఒక వ్యాసం అచ్చు వేయించాల్సి ఉండేది. దాంతో ఏ కాగితమైనా ఫైల్లో ఉంటే మంచిదన్న భయం పట్టుకుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. సెమినార్ హాళ్లకి తాళాలు పడ్డాయి, జూమ్ తలుపులు తెరుచుకున్నాయి. ఉచిత ఖాతాకి నలభై నిమిషాలే గడువు కాబట్టి, ప్రజాస్వామ్యం అంతవరకే సాగి మధ్యలో తెగిపోయేది. అప్పుడు మళ్లీ లింకు, మళ్లీ "వినిపిస్తున్నానా సార్?" ఆ పత్రాల నిబంధనను 2022లో తీసేశారు. అలవాటును తీసేసేవాళ్లే లేరు.

అసలు లెక్క చూస్తే ఇంకా తమాషా. యూనివర్సిటీల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టు షార్ట్‌లిస్టు కోసం 2018 నిబంధనల్లో ఒక మార్కుల పట్టిక ఇచ్చారు. అందులో పీహెచ్‌డీకి 30 మార్కులు, జేఆర్‌ఎఫ్‌తో నెట్ ఉంటే 7, ప్రచురణలకు రెండేసి చొప్పున గరిష్ఠంగా 10. వర్క్‌షాపుకి హాజరైనందుకు అందులో గడే లేదు. మనవాడి ఫైల్లో ఆ గడి లేని సరుకే ఎక్కువ. ముప్పై మార్కులది ఇంకా రెండో చాప్టర్ దగ్గరుంది.

అలాగని చులకన చేయక్కర్లేదు. ఇదివరకు సామాజికశాస్త్ర పరిశోధనా మండలి (ఐసీఎస్ఎస్ఆర్) పది రోజుల కోర్సు చెయ్యాలంటే వేరే ఊరికి రైలు బెర్తు, గెస్ట్‌హౌస్, గైడ్ సంతకం, ఇంట్లో అనుమతి అన్నీ కుదరాలి. ఇప్పుడు ఏదో జిల్లా కేంద్రంలో చంటిబిడ్డను ఒళ్లో పడుకోబెట్టుకుని, వీడియో ఆపేసి, నోట్సు రాసుకునే అమ్మాయి కూడా అదే గదిలో ఉంటుంది. రోజంతా ఒక్క ప్రశ్న అడుగుతుంది. ఆ ప్రశ్నకి మాత్రం వక్తగారు కళ్లజోడు సర్దుకుంటారు.

మనవాడు సరంజామాకి లోటు చేయలేదు. కింగ్, కోహేన్, వెర్బా 1994లో రాసిన 'డిజైనింగ్ సోషల్ ఎంక్వైరీ'ని చనువుగా కేకేవీ అంటాడు. దాని పీడీఎఫ్ మూడు ఫోల్డర్లలో ఉంది. గణాంకాల కోసం 'ఆర్' సాఫ్ట్‌వేర్ కూడా దించుకున్నాడు, ఉచితమే కదా. ఐకాన్ చక్కగా ఉంది.

నాలుగో రోజు మధ్యాహ్నం ప్రశ్నావళి తయారీ మీద క్లాసు. 1932లో రెన్సిస్ లికర్ట్ తెచ్చిన కొలబద్ద గురించి చెబుతూ, జనం ప్రశ్న చదవకుండా ఒకే వరుసలో టిక్కులు పెట్టుకుంటూ పోతారని, అలాంటి డేటాను నమ్మకూడదని వక్తగారు హెచ్చరించారు. మనవాడు దాన్ని అండర్‌లైన్ చేసుకున్నాడు. అయిదింటికి ఫీడ్‌బ్యాక్ లింకు పడింది. బంతి లేచాక తాంబూలాల దగ్గర కొత్త మొహాలు కనపడ్డట్టు, అప్పటిదాకా అరవై ఉన్న సంఖ్య చూస్తూండగానే నూరు దాటింది. మనవాడు పన్నెండు ప్రశ్నలకూ చకచకా 'అత్యుత్తమం' నొక్కాడు. తొమ్మిదోది "భోజన, వసతి ఏర్పాట్లు ఎలా ఉన్నాయి?" పాత ఫారం లోంచి అలాగే దిగిపోయిన ప్రశ్న. దానికీ అత్యుత్తమమే.

ఇంతకీ అతని అంశం మహిళా సర్పంచులు. 73వ రాజ్యాంగ సవరణ మహిళలకు మూడో వంతు సీట్లు కేటాయిస్తే, తెలుగు రాష్ట్రాలు రెండూ దాన్ని సగానికి పెంచాయి. అంటే పల్లెవెలుగు ఎక్కి ఏ రెండూళ్లలో దిగినా, సగటు లెక్కన ఒకచోట సర్పంచమ్మ ఉండాలి. ఈ విషయంలో అతని దగ్గర నిజంగానే గట్టి ప్రశ్న ఒకటుంది: సర్పంచమ్మను అడిగితే పక్కనున్న భర్త జవాబు చెప్పాడనుకోండి, దాన్ని ఎవరి జవాబుగా రాసుకోవాలి? మూడు వర్క్‌షాపుల్లో అడిగాడు. ముగ్గురు వక్తలూ "చాలా మంచి ప్రశ్న, అది ఫీల్డులోనే తేలుతుంది" అన్నారు.

"మరి ఫీల్డుకెప్పుడయ్యా?" అని గైడ్ అడిగారు.

"ఫీల్డ్‌వర్క్ మీద వచ్చే వారం వర్క్‌షాపుంది సార్. అదవ్వగానే."

వర్క్‌షాపు అయిపోయినా వాట్సాప్ గ్రూపు బతికే ఉంటుంది. "సర్టిఫికెట్ రాలేదు సార్", "నా పేరులో హెచ్ పోయింది మేడమ్" అంటూ పదిహేను రోజులు నడుస్తుంది. మనవాడు ఈ విషయంలో మహా పట్టుదల మనిషి. ఒకసారి ఇంటిపేరులో ఒక్క 'ఏ' తగ్గిందని నిర్వాహకులకి నాలుగు మెయిళ్లు పెట్టి, మార్పించుకున్నాకే నిద్రపోయాడు. ఈసారి వచ్చిన సర్టిఫికెట్లో స్పెల్లింగ్ అంతా సరిగ్గానే ఉంది గానీ, నిర్వాహకులు అందరికీ కలిపి ఒకే మూస వాడినట్టున్నారు, పేరు ముందు 'డాక్టర్' అని పడింది. దీని మీద ఎవరికీ మెయిల్ పెట్టలేదు. నేరుగా వాళ్లమ్మకి వాట్సాప్ చేశాడు.